పది పట్టీలు

మూడోసారి కూడా నెవిల్ వీపు మీద ఒక్క పట్టీ లేదు.

దెస్పీనాకు ఒళ్ళు మండింది. ల్యాబులో ఆ పరీక్షలు చూసేది ఆమే. పిల్లల సన్‌స్క్రీన్‌లో కలపబోయే కొత్త పదార్థం చర్మానికి పడుతుందో లేదో తేలాలంటే, దాన్ని చిన్న చిన్న పట్టీలకు రాసి, ఒప్పుకున్నవాళ్ళ వీపుకు అంటించి, రెండు రోజులు కదపకుండా ఉంచాలి. సోమవారం రెండు వరుసల్లో పది పట్టీలు తనే అంటించి పంపింది. బుధవారానికి ఒక్కటీ లేదు.

"మెరివెదర్ కొలనులో ఈత కొట్టారు కదూ?" అంది.

న్యూకాసిల్‌లో ఫిబ్రవరి అంటే మండువేసవి, ఆ ఎండకు ఎవరైనా ఆ పనే చేస్తారు. పైగా ల్యాబుకు వచ్చేవాళ్ళలో సత్యహరిశ్చంద్రులు తక్కువ. ఒకడు ఈత కొట్టి చెమట అంటాడు, ఇంకొకడు దురద పుట్టి పీకేసి పిల్లి మీద పెడతాడు.

నెవిల్ ఈతకు పోలేదన్నాడు. స్నానం కూడా చెయ్యలేదట, తడిగుడ్డతో తుడుచుకున్నాడట. మరి పట్టీలు ఏమయ్యాయంటే మాత్రం నేలచూపులు చూశాడు.

దెస్పీనా జాబితాలో ఆయన పేరు కొట్టేసింది. పట్టీ నిలవని వీపు లెక్కలోకి రాదనీ, ఇలాంటి వాటితో నివేదిక పంపితే రేపు పసివాళ్ళ ఒళ్ళు దద్దుర్లెక్కుతుందనీ, ఇక రావద్దనీ చెప్పింది.

పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకోబోయి ఆగాడు.

"నీ లెక్కలో నా పేరు లేకపోయినా ఫర్లేదు. పట్టీలు మాత్రం అంటించమ్మా."

"ఎందుకు?"

"మా గ్లెనిస్ కోసం. వాటిని తీసేస్తోంది తనే."

గాజుతలుపు అవతల, బెంచీ మీద, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నెవిల్ అటు చూస్తూ మెల్లగా చెప్పుకొచ్చాడు. మతిమరుపు ముదిరి రెండేళ్ళయిందట. మొగుడెవరో ఆమెకు తెలియదు. ఈ పెద్దాయన మా ఇంట్లోంచి ఎప్పుడు వెళ్తాడని ఉత్తరాలిచ్చేవాణ్ణి అడుగుతుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు అల ఒకటి విసిరికొడితే రాళ్ళ మీద పడి నెవిల్ వీపంతా చీరుకుపోయింది. ఆసుపత్రిలో రోజూ ఆ కట్లు విప్పిన నర్సు గ్లెనిసే.

"సాయంత్రం చొక్కా విప్పగానే ఈ పట్టీలు చూస్తుంది. 'కదలకు నెవ్, నొప్పి లేకుండా తీస్తాను' అంటుంది. ఒక్కొక్కటే తీస్తుంది. పదీ అయ్యేదాకా నేను ఆవిడ నెవ్‌ని. ఆ తర్వాత మళ్ళీ ఆ పెద్దాయన్నే."

పట్టీలు మందుల షాపులో దొరుకుతాయి కదా అని దెస్పీనాకు నోటిదాకా వచ్చింది. ఆయనే అందుకున్నాడు.

"కొనుక్కోవచ్చు. నా వీపు నాకు అందదే. ఇంట్లో అంటించేవాళ్ళెవరున్నారు?"

దెస్పీనా కొట్టేసిన పేరు అలాగే ఉంచింది. దొంగ లెక్క రాయడం ఆమె వల్ల కాదు. కానీ లేచి, ఏ పదార్థమూ పూయని ఉత్త పట్టీలు పది కత్తిరించి, "చొక్కా తియ్యండి" అంది.

ఆ తర్వాత ప్రతి సోమవారం పది పట్టీలతో వెళ్ళడం, మళ్ళీ సోమవారానికి బోసి వీపుతో రావడం. ఏ వీపును చూసి కోపం తెచ్చుకుందో అదే వీపును చూసి దెస్పీనా ఇప్పుడు సంతోషించేది. నెవిల్ హుషారుగా కబుర్లు మోసుకొచ్చేవాడు. కుదురుగా పడుకోకపోతే పెద్ద డాక్టరుకు చెప్తానందట. రాళ్ళ దగ్గర అలలతో ఆటలేమిటని తిట్టిందట. పెళ్ళాం చేత తిట్లు తిని ఇంత మురిసిపోయే మొగుణ్ణి దెస్పీనా ఎక్కడా చూడలేదు.

ఈస్టర్ వెళ్ళిన మరుసటి వారం కూడా ఇద్దరూ వచ్చారు. గ్లెనిస్ ఎప్పటిలాగే బెంచీ మీద ఉంది. దెస్పీనా తలుపులోంచి చెయ్యి ఊపితే, కొత్తవాళ్ళను చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వింది. నెవిల్ చొక్కా విప్పకుండా నిలబడ్డాడు. దెస్పీనాయే గుండీలు విప్పి, చొక్కా తీసి, వెనక్కి తిప్పింది.

పది పట్టీలూ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.