వాన లేని వైపర్లు

కొండదారి మొదట్లో కుడికి తిరగాలి. భర్త సిగ్నల్ వేశాడు.

చుక్క వాన లేదు. వైపర్లు టకటకా ఆడాయి.

"మళ్లీ అదే" అంది వెనక సీట్లోంచి భార్య.

"మూడు రోజులకే అలవాటు మారుతుందా? ఈ దేశంలో సిగ్నల్ ఎడమచేతికి, వైపర్లు కుడిచేతికి, బండి నడిచేది కుడిపక్కన. అన్నీ మనకి తిరగేసి. అద్దె కారూ అత్తారిల్లూ ఒకటే, ఏది ఎక్కడుందో తెలిసి చావదు."

ఆమె నవ్వలేదు. పక్కన పాప ఒళ్లు కాలిపోతోంది. మందుల షాపు కొండ అవతలి ఊళ్లో ఉంది.

మలుపులో, ఇంటిముందు గడ్డిమోపులు దించుతున్న ముసలాయన ఆ వైపర్ల వంక చూశాడు. చేతిలో మోపు అక్కడే పడేసి, నీలం ట్రక్కెక్కి, వాళ్లకన్నా ముందే రోడ్డు మీదికి వచ్చాడు.

పైకెళ్లేకొద్దీ మంచు కమ్ముకుంది. చెట్లు పోయాయి. లోయ పోయింది. కారు తెల్లటి నిద్రలోకి దూరినట్టుంది. ముందున్న ట్రక్కు ఎర్రదీపాలు రెండే మిగిలాయి. అవి గాల్లో తేలుతున్నట్టు నిదానంగా కదులుతున్నాయి.

"దాటెయ్యండి. పాప కళ్లు తెరవట్లేదు."

హారన్ కొట్టాడు. ట్రక్కు దారివ్వలేదు. పైగా వీళ్ల కారు కాస్త ఎడమకి జరిగినప్పుడల్లా ఆ దీపాలు గబగబా ఆరి వెలిగేవి.

"బ్రేకులు నొక్కి మనతో ఆటలాడుతున్నాడు."

కొండ దిగాక మంచు పలచబడింది. అప్పుడు ట్రక్కు పక్కకి ఆగింది.

ఆమె అద్దం దించింది. "మీకు పిల్లల్లేరా తాతా?"

ఆ భాష ఆయనకి అర్థం కాలేదు. పాప వంక చూసి, నవ్వి, చెయ్యెత్తాడు.

షాపులో మందు తాగాక పాప తల్లి భుజం మీద నిద్రపోయింది.

"దారిలో ఒక ముసలాయన నత్తలా నడిపించాడండీ" అన్నాడు భర్త, వచ్చీరాని ఇంగ్లీషులో.

"నీలం ట్రక్కా?" అంది షాపామె.

"అదే. ఈ ఊళ్లో ఏం పనో ఆయనకి."

"ఏ పనీ లేదు. వాన లేకుండా వైపర్లు ఆడితే, ఎడమపక్కన నడిపే దేశం వాళ్లని పోల్చుకుంటాడు. మంచుంటే ముందు నడిచి కొండ దాటిస్తాడు."

భార్య పాపతోనే రోడ్డు మీదికి వచ్చింది. ఎర్రదీపాలు రెండూ మళ్లీ కొండెక్కుతూ మంచులో కలిసిపోతున్నాయి.

వెనక షాపామె నెమ్మదిగా అంటోంది. "పోయినేడు మంచులో అలవాటుకొద్దీ ఎడమకి వచ్చేసిన టూరిస్టు కారే, ఆయన ఒక్కగానొక్క కూతుర్ని పొట్టన పెట్టుకుంది."