కింది ఇంటి ఫిర్యాదు

లాబ్ మెట్ల మీద కూర్చుని వినోద వాంతి ఆపుకుంటుండగా, కింది ఇంటి నర్సవ్వ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఎన్నో నెల?"

"మూడోది, పెద్దమ్మా."

"పైన నువ్వు చేసే పనేంది?"

వినోద చెప్పింది. ఒంట్లోంచి కోసి తీసిన గడ్డల ముక్కల్ని పరీక్షకు సిద్ధం చేస్తుంది. మైనంలో పెట్టేముందు వాటిని జైలీన్ అనే రసాయనంలో నానబెట్టాలి. దాని ఘాటుకే ఈ వికారం, తల తిరుగుడు. కడుపులో బిడ్డకు అది మంచిది కాదని చదువుకునే రోజుల్లోనే విన్నది. కానీ లాక్‌డౌన్‌లో మరమగ్గాలు ఆగిపోయి భర్త రఘుపతి ఇంట్లో కూర్చున్నాడు. తను నోరెత్తితే ఉన్న ఒక్క జీతం పోతుంది.

నర్సవ్వ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మొదలైంది రభస. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నర్సవ్వ పైకి రావడం, ఈ కంపుకు అన్నం సయించడం లేదని లాబ్ నడిపే, తెలుగు రాని డాక్టరుతో హిందీలో తగువు పెట్టుకోవడం. టీవీలో కొత్త సీరియళ్లు లేని రోజులు కావడంతో మగ్గాల పనికి వలసొచ్చినవాళ్లుండే ఆ భేస్తాన్ గల్లీ జనం కిటికీల్లోంచి ఆసక్తిగా చూసేవారు.

ఒకరోజు ఆమె అలా వాదిస్తుండగానే, కింద ఆమె వంటింట్లోంచి పాలు మాడిన వాసన గుప్పుమంది. నర్సవ్వ మాత్రం కదల్లేదు. ఈమెకు తగువంటే ఎంత మోజో అనుకుని వినోదకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం వెళ్లి బతిమాలింది. "లాబ్ మూతపడితే మేం రోడ్డున పడ్తం పెద్దమ్మా. జర ఓపిక పట్టు."

"నీ బాధ నాకెందుకు పిల్లా? ఆ కంపు పోవాలె, అంతే."

వారం తిరక్కుండా నర్సవ్వ మున్సిపాలిటీ వాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

డాక్టరు దిగొచ్చాడు. జైలీన్ బదులు కొబ్బరినూనె వాడినవాళ్లున్నారని ఎక్కడో చదివాడట, అయిష్టంగానే సరేనన్నాడు. వినోద ముక్కల్ని గోరువెచ్చని నూనెలో ఉంచి చూసింది. మైక్రోస్కోప్ కింద కణాలు తేటగానే కనిపించాయి. జైలీన్ డబ్బాలు బయటికెళ్లాయి.

తల తిరుగుడు పోయింది, ఉద్యోగం నిలిచింది, పాప నిక్షేపంగా పుట్టింది. నర్సవ్వ మీద కోపం మాత్రం పోలేదు. పాపను చూడాలని ఆమె గుమ్మంలోకి వచ్చినా వినోద మొహం తిప్పుకుని మెట్లెక్కేసేది.

రెండో వేవ్‌లో నర్సవ్వను కరోనా తీసుకుపోయింది. ఇరుగుపొరుగు మర్యాద కోసం వినోద పలకరించడానికి వెళ్లింది. కోడలు మంగ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"గింత ముదిరేదాక తెల్వలేదా?" అడిగింది వినోద. "ముందుగాల వాసన పోతది గద."

మంగ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా అత్తకు వాసనెక్కడిది చెల్లె? నేను కాపురానికి రాకముందే, రంగుల మిల్లుల పనిచేసినప్పుడే ఆమె ముక్కు చచ్చిపోయింది."