గులాబీ రంగు సాక్ష్యం

"అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పండి మిస్ ప్రోసర్. ఈ కత్తి మీద ఉన్నది రక్తమేనా?"

సాక్షి బోనులో నిలబడ్డ నెరిస్ ప్రోసర్ ఆ కత్తి వైపు ఇంకోసారి చూసింది. అది నిజం కోర్టు కాదు. వేల్స్‌లోని ఒక యూనివర్సిటీలో, తరగతి గది బల్లలు జరిపి పెట్టిన ఉత్తుత్తి కోర్టు. ప్రశ్నలడుగుతున్న ట్రాంటర్ మాత్రం ఊళ్లో పేరుమోసిన అసలు లాయరే. ఈ పరీక్ష తప్పితే కెమిస్ట్రీ, ఫోరెన్సిక్ డిగ్రీలోకి అడుగు పడదు. స్కూలు మార్కులు చాలనివాళ్ల కోసం డిగ్రీకి ముందు పెట్టే పునాది ఏడాదితోనే ఆమె చదువు ఆగిపోతుంది. మళ్లీ బేకరీకి వెళ్లి రొట్టెలు కాల్చుకోవాల్సిందే.

"చెప్పలేను సార్," అంది. "మందు చుక్క వేస్తే గులాబీ రంగు తిరిగింది. అంతవరకే నాకు తెలుసు."

"ఆ రంగు వస్తే రక్తమనేగా?"

"కావచ్చు. ఆదివారం మాంసంతో నంజుకునే ఘాటు ముల్లంగికి కూడా అదే రంగు వస్తుంది."

గదంతా గొల్లున నవ్వింది. ఆమెకు ముందు బోనెక్కిన వాళ్లంతా ఠక్కున అవునని చెప్పి దిగిపోయారు మరి. ట్రాంటర్ ఆ మాటే పట్టుకుని దెప్పాడు. ఇంతమందికి తెలిసింది తమరికొక్కరికే తెలియకుండా పోయిందా అన్నాడు. స్కూల్లో కెమిస్ట్రీ ఎన్నిసార్లు తప్పారో కోర్టువారికి కాస్త సెలవియ్యమన్నాడు. ఎదుటి మనిషిని గిల్లి ఏడిపించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

"రెండుసార్లు తప్పాను," అంది నెరిస్. "దానికీ దీనికీ ఏం సంబంధం? నా మాట మీద ఒక మనిషి జైలుకి పోతాడు. తెలియంది తెలుసని చెప్పను. సాయంత్రం దాకా అడగండి, ఇదే చెప్తాను."

జడ్జి కుర్చీలో కూర్చున్న లెక్చరర్ రౌలండ్స్ నిట్టూర్చి లేచాడు. అంతసేపూ కోటు జేబులోనే ఉన్న ఎడమ చెయ్యి బయటికి తీశాడు. బొటనవేలికి కట్టు ఉంది. కట్టు మీద ఎర్రటి మరక.

"ఇక పంతం చాలమ్మా నెరిస్. పొద్దున ఆ కత్తితో తెగింది నా వేలే. అది నా రక్తమే. ఇప్పుడైనా జవాబు మార్చుకో, మార్కులు వేసేస్తాను."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నెరిస్‌కి ఏడుపు వచ్చింది. ఏడుపు వచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. అవునంటే పోయేదేముంది? డిగ్రీ చేతికొస్తుంది. బేకరీ తప్పుతుంది. ఆ ఒక్క మాటా నాలుక చివరి దాకా వచ్చింది.

ఆమె కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"నాకు కట్టు కనిపిస్తోంది సార్. కట్టు మీద మరక కనిపిస్తోంది. కింద ఏముందో నేను చూడలేదు. మార్చను."

రౌలండ్స్ తాపీగా కట్టు విప్పి, బొటనవేలు అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు.

దాని మీద చిన్న గీత కూడా లేదు.