ఈ గడి ఖాళీగా వదలరాదు

“జనవరి ఒకటి కాదు. కానే కాదు! ఈడు నాకంటే పెద్దోడమ్మా!” అంటూ త్రినాధరావు బల్ల గుద్దాడు. బల్ల మీది బెల్లం ముక్క ఎగిరి దివ్య కీబోర్డు పక్కన పడింది.

అనకాపల్లిలో బెల్లం దాచే ఆ కోల్డ్ స్టోరేజీకి ఆయన పెద్ద భాగస్తుడు. చల్లటి గదులకి వేడి యజమాని. సిబ్బంది వివరాలు కంప్యూటరుకి ఎక్కించడానికి విశాఖ నుంచి దివ్య వచ్చి మూడు రోజులైంది. రెండు రోజులు పేర్లకి సరిపోయాయి. మూడో రోజు తేదీల తేడాలకి సరిపోవడం లేదు.

ఎదురుగా చేతులు కట్టుకుని సత్తియ్య నిలబడ్డాడు. ముప్పై రెండేళ్ళుగా అక్కడ కాటా మీద బెల్లం దిమ్మలు తూచే మనిషి.

“ఆధార్‌లో 1970 జనవరి ఒకటే ఉంది కదా సార్?” అంది దివ్య.

“ఆ ఆధార్‌కి ఆధారం ఏటి? తేదీ తెలీనోళ్ళందరికీ జనవరి ఒకటి రాసీసేరు. బడికెళ్ళినోళ్ళకి హెడ్మాస్టరు జులై ఒకటి రాసీసేడు. నాకూ అదే, 1968 జులై ఒకటి. కాగితాలు సూసినోడెవడైనా ఈ జిల్లాలో మిగతా రోజుల్లో పురుళ్ళే పొయ్యరనుకుంటాడు!”

మూలన పేపరు చదువుకుంటున్న తమ్ముడు ధనరాజ్ కిసుక్కున నవ్వాడు.

త్రినాధరావు తొందరకి కారణం కొత్త కాటా. దానికి జీతం ఉండదు, సెలవు ఉండదు, నోరు ఉండదు. సత్తియ్యకి మూడూ ఉన్నాయి, ముఖ్యంగా మూడోది. తడి బెల్లాన్ని పొడి బెల్లమని రాయమంటే ససేమిరా అంటాడు. ఊరికే తీసేస్తే హమాలీలంతా గోల చేస్తారు. అందుకే కొత్త రూలు వచ్చింది: అరవై నిండితే గేటు దగ్గరి వేలిముద్ర మిషను తలుపు తియ్యదు. “రూలు నీక్కూడానా అన్నయ్యా?” అని ధనరాజ్ అడిగితే, “నాక్కూడా! అరవై నిండిన రోజే నా కుర్చీ నీది” అని స్టాంపు కాగితం మీద సంతకం కూడా పెట్టేశాడు. సర్టిఫికేట్ ప్రకారం ఇంకా రెండేళ్ళుంది మరి!

“మూడేళ్ళు ఓపిక పట్టండి బాబూ,” అన్నాడు సత్తియ్య. “మా మనవరాలు సుమశ్రీ నర్సింగు సదువు అయిపోద్ది. ఆ మర్నాడు నానే ఎల్లిపోతాను.”

“కంప్యూటరుకి ఓపికుండదురా. ఏవమ్మా, ఈడి అసలు తేదీ ఎలా పెడతావు?”

దివ్య కాస్త బిగుసుకుంది. “తెలియని తేదీ తెలిసినట్టు చూపించను సార్. కావాలంటే ఖాళీగా వదిలేస్తాను గానీ దొంగ తేదీ పెట్టను. కళ్ళారా చూసిన సాక్షి ఉంటే ఆ తేదీ నిలుస్తుంది, సర్టిఫికేట్ తేదీ పక్క గడిలోకి పోతుంది. కానీ ఈ పద్ధతి పెడితే అందరికీ ఒకటే.”

“పెట్టు! అందరికీ పెట్టు!”

“ఒప్పుకుని వేలిముద్ర వేశాక మార్చడం కుదరదు సార్.”

“నా మాటా మారదు.” త్రినాధరావు బల్ల మీది వేలిముద్ర మిషను మీద బొటనవేలు నొక్కి తలుపు వైపు కేకేశాడు. “కాసులమ్మా, లోపలికి రా!”

సత్తియ్య అక్క కాసులమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళు. కశింకోట నుంచి షేరాటోలో ఆమెని రప్పించింది త్రినాధరావే. “మా ఊరి మనిషి. ప్రాణం పోయినా అబద్ధమాడదు” అని దివ్యకి పరిచయం చేశాడు.

“అప్పా, నిజమే సెప్పీ,” అన్నాడు సత్తియ్య నీరసంగా.

“నాకప్పుడు పదేళ్ళు,” అందామె. “కొత్తమావాస్య. మా అయ్య నూకాలమ్మ తీర్థానికెళ్ళిపోయేడు. పొద్దున్నే అమ్మకి నొప్పులొచ్చీసేయి. మంత్రసానికి కబురెడితే ఒకంతకి రాదే! ఆలీసంగా...”

“మంత్రసాని గోల మనకెందుకు? ఏ ఏడో సెప్పు!”

“మర్నాడే ఉగాది బాబూ. పరాభవ నామ సంవత్సరమని పంతులు సదివేడు. ఈడొచ్చేడు, పరాభవం తెచ్చేడని మా అయ్య ఒకటే గునిసేడు.”

దివ్య తలెత్తింది. “మొన్న ఉగాదికి వచ్చింది కూడా పరాభవే కదా మామ్మా!”

“అంటే సరిగ్గా అరవై!” త్రినాధరావు చప్పట్లు కొట్టాడు. “తెలుగేళ్ళు అరవయ్యీ ఒక చుట్టు తిరిగొచ్చేయి!”

“అందుకే పేరు చాలదు, నాలుగంకెల ఏడు కావాలంటాం,” అంటూ దివ్య పాత పంచాంగం వెతికి, ఏడు ముందు, నెల తరవాత, రోజు చివర కొట్టింది. 1966-03-22.

తెర మీద సత్తియ్య పేరు ఎర్రబడింది.

“అయిపోయింది కదా!” త్రినాధరావు లేచాడు.

“ఇంకో గడి ఉంది సార్. సాక్షికి ఆ రోజు ఎందుకంత గుర్తు? ఈ గడి ఖాళీగా వదలరాదు.”

“ఏదో ఒకటి రాసీ!”

“ఏదో ఒకటి రాయడమే వద్దన్నారు కదా సార్.”

కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మంత్రసాని ఎందుకు ఆలీసమైందో అందుకే గుర్తు. కానీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. మంత్రసాని ముందెళ్ళిన ఇంట్లోనూ అప్పుడే మగపిల్లోడు పుట్టేడు. అమావాస్య పుట్టుకని తెలిస్తే పెద్దయ్యాక పిల్లనివ్వరని ఆళ్ళమ్మగారి భయం.”

ధనరాజ్ పేపరు మడిచాడు.

“ఆళ్ళమ్మ ఈపాటికి పోయుంటాది, ఒట్టూ పోయింది!” త్రినాధరావు గద్దించాడు. “సెప్పీ, వేలేసీ!”

కాసులమ్మ మిషను మీద వేలు నొక్కి, ఆయన మొహంలోకి చూసింది.

“ఆ మంత్రసాని నీకు బొడ్డు కోసి వచ్చింది బాబూ.”