ఉయ్యాల కన్ను

ఈ రోజుల్లో ప్రతి ఉయ్యాలకూ ఒక యంత్రపు కన్ను ఉంటుంది. పసిబిడ్డ ముఖంలో, ఊపిరిలో అరుదైన పుట్టుజబ్బు ఆనవాలు కనబడితే పసుపు దీపం వెలిగిస్తుంది. బారసాలకొచ్చిన అమ్మలక్కలు బిడ్డకంటే ముందు దీపాన్నే చూస్తారు.

బారసాల ఉదయం వైదేహి కూతురి ఉయ్యాలకు దీపం వెలిగింది. చుట్టాలు గుమ్మమెక్కేలోగా ఆమె కాటుక తీసి ఆ కంటికి దట్టంగా పూసేసింది. దీపం ఆరింది.

"బుగ్గన దిష్టిచుక్క పెట్టలేదేమే?" అంది మేనత్త, ఉయ్యాలలోకి వంగి.

"పెట్టానత్తా," అంది వైదేహి, కాటుక కనబడకుండా అడ్డంగా నిలబడి.

పేరంటాళ్లు పాట అందుకున్నారు. పాప పెదవుల చుట్టూ నీలి ఛాయ కమ్మిందో, అది తన భయమో వైదేహికి తెలియలేదు. చెప్పగలిగేది ఆ కన్నొక్కటే. తుడిస్తే అందరి కళ్లముందే తుడవాలి.

చీర చెంగు నోట్లో తడుపుకుంది.