పద్దెనిమిది గళ్లు

ఎటు నుంచి ఎటు కొలిచినా పద్దెనిమిది మందికే చోటు. కూర్చుని పని చేసే ఆడవాళ్లు ముప్ఫై మంది.

ఉదయ్ టేపు చుట్టేసి, మళ్లీ విప్పాడు. ఎనుమాముల మార్కెట్టుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ కారం మిల్లులో ఇప్పుడు రోజుకు అర టన్ను ఆడుతున్నారు. యజమాని భాస్కర్ సేటుకు రెండు టన్నులు కావాలి. ఏ మిషను ఎక్కడ పెట్టాలో, సరుకు ఏ దారిన నడవాలో ప్లాను గీయడానికి హన్మకొండ నుంచి ఉదయ్‌ను పిలిపించాడు. తొడిమలు తీసే మిషను, పెద్ద గిర్నీ, జల్లెడ, ప్యాకింగు బల్ల ప్లానులో వరసగా పెట్టేసరికే షెడ్డు నిండిపోయింది. మేలురకం మిరపకాయకు తొడిమ తీయాలంటే మాత్రం మనుషుల చేతులే కావాలి. ఆ చేతులకు మిగిలింది మూలన పద్దెనిమిది గళ్లు. మనిషికో మూడడుగుల గడి, చుట్టూ పసుపు రంగు గీత.

"పన్నెండు మందిని తీసేద్దాం తియ్," అన్నాడు సేటు, టీ ఊదుకుంటూ. "ముసలోళ్లను ముందుగాల పంపుదాం. ఆ సమ్మమ్మను చూసినవా? కాయ పట్టుకుంటెనే చేతులు వణుకుతయి."

ఉదయ్‌కు ఒళ్లు మండింది.

"వయసు చూసి తీసేస్తరా సేటూ? అన్యాయం గాదా? మూడు రోజులు కాంటా పెడదాం. ఎవరి గంప వాళ్లదే. ఎక్కువ తీసిన పద్దెనిమిది మంది ఉంటరు. ముఖాలు చూసుడు లేదు, కాంటా ఏం చెప్తే అదే."

"నీ ఇష్టం సారూ. నాకైతే పద్దెనిమిదే గావాలె."

ఈ కాంటా మాటే ఉదయ్ ఆడవాళ్లందరికీ దాపరికం లేకుండా చెప్పాడు. చెప్పి, ఏదో పుణ్యం చేసినవాడిలా తేలికపడ్డాడు. లోపల మాత్రం సమ్మమ్మ గురించే దిగులు. మొగుడు యాకయ్య ఏడాదిగా మంచంలో ఉన్నాడు. ఆమె కూలి ఆగిన రోజు ఆయన మందులూ ఆగుతాయి. షెడ్డులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

ఆడవాళ్లు ఎప్పటిలాగే కుప్ప చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు, గంపలు పక్కపక్కనే పెట్టుకుని. ఉదయ్ వాళ్ల మధ్యే కుర్చీ వేయించుకున్నాడు గానీ, ఆ ఘాటుకు పది నిమిషాల్లో ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి. తుమ్మి తుమ్మి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. అక్కణ్ణుంచి అద్దంలోంచి చూస్తూ ప్లాను గీసుకున్నాడు.

సాయంత్రం కాంటా దగ్గర మాత్రం తనే నిలబడ్డాడు. ఎవర్నీ నమ్మలేదు.

సమ్మమ్మ గంప ఇరవై రెండు కిలోలు తూగింది.

కాంటా చెడిందనుకున్నాడు. సున్నాకు తెచ్చి మళ్లీ తూచాడు. ఇరవై రెండే. అడుగు దాకా చెయ్యి పెట్టి చూశాడు. రాయి లేదు, రప్ప లేదు. ఒక్క కాయకైనా తొడిమ లేదు. రెండో రోజు ఇరవై మూడు. మూడో రోజూ ఇరవై మూడే. ముప్ఫై మందిలో ఆమే ఫస్టు!

"చూసినవా సేటూ, ముసలిదని పంపేస్తమన్నవు!" ఉదయ్ గొంతులో పొంగు ఆగలేదు.

సేటు వంగి కాంటా మీది అంకె చూసుకున్నాడు.

సమ్మమ్మ పక్కనే కూర్చునే విజయలక్ష్మి సంగతే ఉదయ్‌కు కొరుకుడు పడలేదు. ముప్ఫై ఏళ్ల మనిషి. వేళ్లు కాయ మీద ఆగేవి కావు. అయినా పదహారున్నర దాటలేదు. పదిహేడు తెచ్చినవాళ్లంతా పద్దెనిమిదిలో నిలిచారు, ఈమె అరకిలోతో పోయింది. ఒక చోట కుదురుగా కూర్చుంటే కదా! ఎప్పుడు చూసినా ఆ పక్కకు వంగడం, ఈ పక్కకు వంగడం, ముచ్చట్లు. ఒళ్లు వంచనివాళ్లకు తానేం చేస్తాడు?

నాలుగో రోజు పొద్దున లిస్టు చదివాడు. సేటు ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు.

"ముసలామెను చూసన్న సిగ్గు తెచ్చుకోండ్రి! వయసుల ఉండి మీకేం రోగం?"

గొడవ అవుతుందని ఉదయ్ సిద్ధంగా ఉన్నాడు. పేరు లేని పన్నెండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కొత్తగా చూస్తున్నట్టు. సమ్మమ్మ ఏదో అనబోయింది. విజయలక్ష్మి ఆమె భుజం గట్టిగా నొక్కి, "జర సప్పుడు జేయకు అవ్వా," అంది. కుళ్లుకుంటోందనుకున్నాడు ఉదయ్. పన్నెండు మందీ చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బాలు తీసుకుని, గేటు దాటి నర్సంపేట రోడ్డెక్కారు. లెక్క సరిగ్గా ఉంటే మనుషులు ఇట్లాగే ఒప్పుకుంటారని తనకు తాను చెప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి మిషను దిగింది. పాత కుప్ప చోట బోల్టులు బిగించారు. పదిహేడు మంది గళ్లలో కూర్చున్నారు, ఎవరి గీతలో వాళ్లు. మొదటి గడి సమ్మమ్మది. ఆమె గీత ఇవతలే నిలబడి ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఘాటుకేమో అనుకున్నాడు ఉదయ్.

"కూసో అవ్వా. అందర్ల ఫస్టొచ్చినవు, ఇంకేం ఫికర్ నీకు?"

సమ్మమ్మ ఖాళీ గంప అతని కాళ్ల ముందు పెట్టింది.

"నేను తీసింది దినాం అయిదు కిలోలే కొడుకా, మిగిలిందంత నా కూలి పోతదని భయపడి ఒగలకు తెల్వకుంట ఒగలు నా గంపల పోసింది నువ్వు ఎల్లగొట్టిన ఆ పన్నెండు మందే."