మా అమ్మ పొయ్యికి మూడు వందల నలభై నకళ్లు

మా కాలనీలో మూడు వందల నలభై పొయ్యిలు మాట్లాడతాయి. వాటన్నిటికీ ఒకే సర్వర్ నుంచి కొత్త సిస్టమ్ ఎక్కించే కొలువు నాది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని కాబట్టి పని తప్పు లేకుండా చేయాలనుకున్నాను. అందరికంటే బాగా వండే మా అమ్మ పొయ్యిని నమూనాగా తీసుకుని, దాని నకలును అన్ని ఇళ్లకూ పంపాను. పంపే ముందు అది అమ్మ దగ్గర నేర్చుకున్న ఇంటి మాటలు తుడవాలి. మరిచిపోయాను.

తెల్లారేసరికి ప్రతి వంటింట్లో నన్ను తిట్టే అమ్మ గొంతే.

"స్రవంతీ, తినకుండ బయటికి పోతే కాళ్లిరగ్గొడ్త!"

కాలనీలోనే ఉండే మా ఆఫీసర్ జయపాల్ సార్ ఫోన్ చేశారు. "రెండో దోశ అడిగితే మీ అమ్మ నా పొట్టను తిట్టిందమ్మా. మధ్యాహ్నంలోపు సరిచెయ్. లేకుంటే నీ కొలువు పర్మనెంట్ చెయ్యమని నేను రాయలేను."

భయంతో సర్వర్‌లోని ఇంటి మాటలన్నీ తుడిచేసి, శుభ్రమైన నకలును అన్నిటికీ పంపి, గర్వంగా ఇంటికొచ్చాను.

అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. "ఇదేందే, నన్నే ఎవరని అడుగుతుంది?"

ఆ మూడు వందల నలభైలో మా పొయ్యీ ఒకటి. ఏడేళ్లుగా అమ్మ దానికి చెప్పుకున్నదంతా పోయింది.

"మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారండీ?" పొయ్యి మర్యాదగా అడిగింది.

అమ్మ నావైపు ఒకసారి చూసి కొంగు దోపుకుంది.

"రాసుకో. నా బిడ్డ స్రవంతి. పెద్ద చదువు చదివింది, మతిమరుపు జాస్తి. ముందుగాల అన్నం పెట్టు. తర్వాత తిట్టు."